చేతులు నేర్పిన చదువు: జి.డి. నాయుడు జీవితం

విశాఖపట్నం పాత పేటలలో ఆదివారం ఉదయం నడిచి వెళ్లేవారికి ఇప్పటికీ అప్పుడప్పుడు ఒక దృశ్యం కంటబడుతుంది. ఇంటి అరుగు ప్రక్కన ఒక పాత డీజిల్ అంబాసిడర్ కారో, అంతకంటె పాతదైన బుల్లెట్ మోటారు సైకిలో నిలిచి ఉంటుంది. దాని ముందు గోనెపట్టా పరచి, పానాలు వరుసగా పేర్చుకొని, ఇంటి యజమాని చొక్కా చేతులు పైకి మడిచి కూర్చుంటాడు. ప్రక్కన ఒక కుర్రవాడు కిరోసిన్ గిన్నెలో నట్లూ బోల్టులూ కడుగుతూ ఉంటాడు.

ఆ కుర్రవాడు మన కళాశాల విద్యార్థే కావచ్చును. మన విద్యార్థులలో పలువురి తండ్రులు ఓడరేవులో, ఉక్కు కర్మాగారంలో, ఆటోనగర్ షెడ్లలో పనిచేసేవారే. ఒకనాడు తరగతిలో నేను ఒక విద్యార్థిని నల్లబల్ల వద్దకు పిలిచాను. లెక్క చక్కగానే చేశాడు. కాని సుద్దముక్క పట్టుకున్న చేతిని రెండవ చేతితో కప్పుకుంటూ వచ్చాడు. కారణం తర్వాత తెలిసింది. ముందురోజు తండ్రితో కూర్చొని ఇంజను విప్పాడట. గోళ్ల సందులలోని మసి సబ్బుకు వదలలేదు. ఆ మసిని తోటివారు చూస్తారన్న సిగ్గు ఆ అబ్బాయిది. అతడు దాచుకున్నది మసిని కాదనీ, తనకున్న రెండు విద్యలలో ఒకదాననీ నాకు తోచింది. ఆ సిగ్గుకు సమాధానంగా ఒక జీవితకథను చెప్పాలన్న కోరికే ఈ వ్యాసానికి మూలం. ఆ జీవితం గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారిది. లోకం ఆయనను జి.డి. నాయుడు అని పిలిచింది.

తరతరాల క్రితం తెలుగు నేల విడిచి తమిళదేశంలో స్థిరపడి, ఇంటిలో తెలుగు మాటను మాత్రం విడువని కుటుంబాలు కోయంబత్తూరు ప్రాంతంలో అనేకం ఉన్నవి. అట్టి ఒక వ్యవసాయ కుటుంబంలో 1893 మార్చి 23వ తేదీన కలంగల్ అనే పల్లెలో నాయుడుగారు జన్మించారు. తండ్రి గోపాలస్వామి నాయుడు రైతు. తల్లి ఆయన పసితనంలోనే కన్నుమూశారు. తల్లిలేని పిల్లవాడు బడికి వెళ్లాడు కాని బడి అతనికి రుచించలేదు. ఉపాధ్యాయులు చెప్పిన పాఠాన్ని వల్లెవేయడం కంటె, దానిని గురించి ప్రశ్నించడమే అతనికి ఇష్టంగా ఉండేది. ఆ స్వభావం ఆనాటి బడులకు సరిపడేది కాదు. కనుక చదువు ప్రాథమిక తరగతులతోనే ఆగిపోయింది. పొలం పనులలో పడ్డాడు. అయినా చేతికి దొరికిన పుస్తకాన్ని విడిచిపెట్టేవాడు కాదు. బడి మానినవాడు చదువు మానినవాడు కానవసరం లేదనడానికి ఆయన బాల్యమే తార్కాణం.

యౌవనం వచ్చేనాటికి ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పిన సంఘటన జరిగింది. ఒక ఆంగ్లేయ రెవెన్యూ అధికారి మోటారు సైకిలుపై పల్లె దారిన వచ్చాడు. అది ఇంగ్లండులో తయారైన రడ్జ్ బండి. ఎద్దు లేదు, గుర్రం లేదు, త్రొక్కే కాళ్లు లేవు. అయినా బండి పరుగెత్తుతున్నది. పల్లెజనులు దానిని వింతగా చూశారు, చూసి మరచిపోయారు. నాయుడు మాత్రం మరువలేకపోయాడు. ఆ బండి లోపల ఏమున్నదో తెలుసుకోవాలన్న తపన ఆయనను పట్టుకున్నది.

తపన పడినవారు లోకంలో కోకొల్లలు. దాని కోసం మూల్యం చెల్లించినవారు కొందరే. రైతు బిడ్డ అయిన నాయుడు ఇల్లు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా చేరాడు. బల్లలు తుడిచాడు, ఎంగిలి పళ్లాలు తీశాడు. పైసా పైసా కూడబెట్టాడు. ఆనాటికి పెద్ద మొత్తమైన కొన్ని వందల రూపాయలు చేతికి వచ్చిన తర్వాత ఆ అధికారి వద్దకే వెళ్లి ఆ మోటారు సైకిలునే కొనుక్కున్నాడు.

ఇతరులైతే ఆ బండినెక్కి ఊరంతా తిరిగేవారు. నాయుడు దానిని విప్పదీశాడు. మరమరా ఊడదీసి, పరిశీలించి, తిరిగి బిగించాడు. ఆనాటి రడ్జ్ బండి నిర్మాణాన్ని కొంచెం తలచుకుంటే ఆ పనిలోని సాహసం మనకు బోధపడుతుంది. దానికి ఒకే సిలిండరు. ఇంజనునుండి వెనుక చక్రానికి శక్తిని చేరవేసేది ఒక బెల్టు. పెట్రోలు ఆవిరిని అంటించే నిప్పురవ్వను మాగ్నెటో అనే పరికరం పుట్టిస్తుంది. ఆ రవ్వ పుట్టవలసిన క్షణం కొంచెం ముందైనా, వెనుకైనా బండి కదలదు. ఇంత సూక్ష్మమైన యంత్రాన్ని, దారి చూపే గురువు లేకుండా, చుట్టుప్రక్కల ఎక్కడా విడిభాగాలు దొరకని కాలంలో, తన కష్టార్జితమంతా పణంగా పెట్టి విప్పడం సామాన్య విషయం కాదు. తిరిగి బిగించలేకపోతే పోయేది బండి మాత్రమే కాదు, ఎన్నో నెలల చెమట కూడ.

ఇంటివద్ద యంత్రాన్ని విప్పే ప్రతివానికీ ఆ భయం తెలుసు. విప్పడం ఎవరికైనా చేతనవును. విప్పినదానిని మళ్లీ బిగించడంలోనే విద్య ఉన్నది. ఏ మర ఏ చోటినుండి వచ్చినదో గుర్తుంచుకోవాలి. ఏది ముందు ఊడినదో అది చివరకు ఎక్కాలి. ఎంత బిగువు కావాలో చేతికి తెలియాలి. తక్కువైతే కారుతుంది, ఎక్కువైతే మర తెగుతుంది. మన ఊరి షెడ్లలో ఉస్తాద్ తన శాగిర్దుకు నేర్పే మొదటి పాఠం ఇదే. పానా చేతికివ్వకముందు ఊడదీసిన మరలను వరుస తప్పకుండా పేర్చడం నేర్పుతాడు. ఉర్దూలో హునర్ అని ఒక చక్కని మాట ఉన్నది. తెలుగులో పనితనం అంటాము. రెండు భాషలు చదివే మన విద్యార్థులకు ఆ రెండు మాటలూ ఒకే వస్తువును సూచిస్తున్నవని వేరుగా చెప్పనక్కరలేదు. నాయుడుగారికి ఉస్తాద్ లేడు. ఆ రడ్జ్ బండియే ఆయనకు ఉస్తాద్ అయింది.

ఆపై ఆయన మెకానిక్కుగా పనిచేశారు. ప్రత్తి వ్యాపారంలో దిగి కొంత గడించారు. బొంబాయి వెళ్లి అంతకంతా పోగొట్టుకున్నారు. ఈ ఓటమిని ఆయన చరిత్రకారులు ఒకటి రెండు వాక్యాలతో దాటిపోతారు. కాని మనం దానివద్ద ఒక క్షణం ఆగడం మంచిది. డబ్బు పోయిన తర్వాత ఆ యువకుని వద్ద మిగిలినదేమిటి? యంత్రం స్వభావం ఎరిగిన రెండు చేతులు. వ్యాపారం తీసుకొనిపోలేని ఆస్తి అదొక్కటే.

1920లో రాబర్ట్ స్టేన్స్ అనే ఆంగ్లేయ వ్యాపారి తోడ్పాటుతో నాయుడుగారు ఒక బస్సును సంపాదించి, పొల్లాచ్చి, పళని పట్టణాల నడుమ నడపసాగారు. దూరం సుమారు 60 కిలోమీటర్లు. డ్రైవరు ఆయనే. ఒకే బస్సు ఉన్నవానికి ఆ బస్సు ఆగిన దినం ఆదాయం లేని దినం. కనుక ప్రయాణం ముగిసిన రాత్రే మరునాటి ప్రయాణానికి యంత్రాన్ని సిద్ధం చేయవలసి ఉంటుంది. చెడిన తర్వాత బాగుచేయడం ఒక పద్ధతి. చెడకముందే చూచుకోవడం రెండవ పద్ధతి. మోటారు వ్యాపారంలో నిలిచినవారందరూ ఈ రెండవ పద్ధతిని పాటించినవారే. ఆ ఒక్క బస్సునుండి యు.ఎం.ఎస్. అనే పేరున పెద్ద రవాణా సంస్థ పెరిగింది. కొద్ది సంవత్సరాలలోనే అది దక్షిణదేశంలో క్రమశిక్షణకు పేరుపొందిన బస్సుల సంస్థలలో ఒకటి అయింది.

ఇచ్చట ఒక విచిత్రమైన కాలసామ్యాన్ని మనవి చేయాలి. నాయుడుగారు పుట్టడానికి సరిగా ఒక నెల ముందు, 1893 ఫిబ్రవరిలో, జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీరుకు ఒక కొత్త ఇంజనుపై పేటెంటు హక్కు లభించింది. నేడు మన లారీలను, బస్సులను, రైలింజనులను, ఓడలను నడిపే యంత్రానికి నిలిచిన పేరు ఆయనదే. నాయుడుగారు బడిని విడిచినవారు. డీజిల్ మ్యూనిచ్ సాంకేతిక కళాశాలలో అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడైనవాడు. నాయుడుగారు చేతినుండి సూత్రానికి వెళ్లారు. డీజిల్ సూత్రంనుండి చేతికి వచ్చాడు. ఇద్దరినీ ప్రక్కప్రక్కన నిలిపి చూస్తే విద్యకున్న రెండు ద్వారాలూ మనకు కనబడతాయి.

డీజిల్ ఆలోచన వినడానికి సులభంగా ఉంటుంది. సైకిలు పంపుతో గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మనందరికీ అనుభవమే. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. ఇరవై రెట్ల వరకు నొక్కితే ఆ గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడును మించి కాగుతుంది. ఆ కాగిన గాలిలోకి నూనెను సన్నని తుంపరగా చిమ్మితే నిప్పురవ్వ అవసరం లేకుండానే అది అంటుకుంటుంది. పెట్రోలు ఇంజనుకు ఉన్న స్పార్క్ ప్లగ్ డీజిల్ ఇంజనుకు లేకపోవడానికి కారణం ఇదే. కాగితంపై ఇంత తేలికైన ఈ సూత్రాన్ని ఇనుములో నిలబెట్టడానికి డీజిల్‌కు నాలుగేళ్లు పట్టింది. 1893 ఆగస్టులో ఆగ్స్‌బర్గ్ కర్మాగారంలో జరిగిన తొలి పరీక్షలో యంత్రానికి అమర్చిన కొలత పరికరం పేలిపోయింది. 1894 ఫిబ్రవరిలో ఇంజను తనంతట తాను ఒక నిమిషంపాటు మాత్రం తిరిగింది. 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ ష్రోటర్ సమక్షంలో జరిగిన పరీక్షలో అది ఇంధనంలోని శక్తిలో నూటికి 26 పాళ్లను పనిగా మార్చింది. ఆనాటి ఆవిరి యంత్రాలు సాధారణంగా పది పాళ్లను కూడ అందుకోలేకపోయేవి. అత్యున్నత శ్రేణి పట్టా కూడ ఆయనను ఆ నాలుగేళ్ల మసినుండి తప్పించలేదు. అప్పుల భారంతో క్రుంగిన డీజిల్ 1913 సెప్టెంబరు 29వ తేదీ రాత్రి ఇంగ్లండుకు పోయే ఓడపైనుండి అదృశ్యమైనాడు. కొన్ని దినాల తర్వాత ఆయన దేహం సముద్రంలో కనబడింది. తన ఇంజను కారులో అమరడాన్ని ఆయన చూడలేదు. 1927లో బాష్ సంస్థవారి ఇంధన పంపు వచ్చిన తర్వాతనే ఆ ఇంజను చిన్న బండ్లకు అనువైనది. 1936లో బెర్లిన్ ప్రదర్శనలో మెర్సిడెస్ సంస్థ తన తొలి డీజిల్ కారును నిలిపింది.

అదే 1936వ సంవత్సరంలో నాయుడుగారు ఐరోపాలో సంచరిస్తున్నారు. జనవరిలో లండను నగరంలో అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను తన కెమెరాతో స్వయంగా చిత్రించారు. కర్మాగారాలను చూశారు. కన్నదానిని కొనడంతో తృప్తిపడక, చేయడం ఎట్లాగో తెలుసుకున్నారు. పొడి బ్యాటరీలతో తిరిగే చిన్న మోటారును అమర్చి రసంత్ అనే క్షౌర యంత్రాన్ని రూపొందించారు. అతి సన్నని క్షురపు బ్లేడులు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసినుతో తిరిగే పంకా, మోసానికి తావులేని ఓటు యంత్రం వంటి పెక్కు పరికరాలు ఆయన పేరున ప్రసిద్ధమైనవి. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి మన దేశంలో తొలి విద్యుత్ మోటారు నిర్మాణానికి కారకులైనారు. నేడు కోయంబత్తూరు మోటారు పంపుసెట్లు మన కోస్తా జిల్లాల చేలలో కూడ నీరు తోడుతున్నవంటే ఆ నగరపు యంత్ర పరిశ్రమకు పడిన తొలి పునాదులలో అదొకటి. 1941లో అయిదు వాల్వుల రేడియోను కేవలం 70 రూపాయలకు తయారుచేయగలనని ప్రకటించారు.

ఆయన జీవితంలో విద్యార్థులు ముఖ్యంగా తెలుసుకోవలసిన ఘట్టం ఇక వస్తున్నది. నాయుడుగారి పూనికతో, ఆనాటి మద్రాసు గవర్నరు పేరున, కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్కు, ఆపై ఇంజనీరింగు కళాశాల వెలసినవి. ప్రాథమిక విద్యకూడ పూర్తికాని వ్యక్తి 1945లో ఆ కళాశాలకు ప్రిన్సిపాలు అయినారు. అయితే నాలుగేళ్ల ఇంజనీరింగు చదువు కాలహరణమనీ, పని చేయిస్తూ నేర్పితే రెండేళ్లు చాలుననీ ఆయన వాదించారు. ప్రభుత్వం అంగీకరించలేదు. ఆయన పదవిని వదులుకున్నారు. ఆ కళాశాల నేడు కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా వెలుగొందుతున్నది.

ఆ వాదంలో ఎవరు ఒప్పు? గౌరవంతోనే ఒక మాట చెప్పాలి. నాయుడుగారు తమ శక్తిని బట్టి అందరినీ కొలిచారని నాకు తోస్తుంది. రెండేళ్లలో పని వస్తుంది. కాని గాలిని నొక్కితే ఎంత వేడి పుడుతుందో లెక్కకట్టే శాస్త్రం అంత త్వరగా రాదు. ఆ లెక్క లేనిదే డీజిల్ తన ఇంజనును ఊహించి ఉండేవాడు కాడు. కాని ఆయన ఎత్తిచూపిన లోపం మాత్రం సత్యం. ఇంజను పటాన్ని పరీక్షలో చక్కగా గీసి మార్కులు పొందినవాడు, దారిలో బండి ఆగితే బానెట్టు ఎత్తడానికి జంకుతాడు. ఆ బండిని బాగుచేసే మేస్త్రి, తాను చేస్తున్నదాని కారణాన్ని చెప్పలేక, పుస్తకం అన్నది తనది కాదనుకుంటాడు. ఈ ఇద్దరి నడుమ ఉన్న గోడనే నాయుడుగారు పడగొట్టదలచారు. గోడ ఇంకా నిలిచే ఉన్నది.

1952లో ఆయన ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారును రెండువేల రూపాయల ధరకు ప్రజలకు అందించాలని తలపెట్టారు. ప్రభుత్వ లైసెన్సు లభించలేదు. ఆ పథకం ఆగిపోయింది. యంత్రాన్ని ఒప్పించగలిగిన మనిషి కార్యాలయాలను ఒప్పించలేకపోయారు. ఆయన పట్టుదల ఆయనకు బలము, బలహీనత కూడ అయింది. 1974 జనవరి 4వ తేదీన, ఎనభై ఏళ్లు నిండిన వయస్సులో, నాయుడుగారు పరమపదించారు. ఆయన పేరున నడిచే ధర్మసంస్థ 2015లో కోయంబత్తూరులో పాత కార్ల ప్రదర్శనశాలను తెరచింది. పాత యంత్రాన్ని పారవేయక, బాగుచేసి, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పడం కూడ విద్యాదానమే.

ఇక మన ఊరికి వద్దాము. యంత్రానికి విశాఖతో ఉన్న బంధం చిన్నది కాదు. 1933లో ఓడరేవు ప్రారంభమైంది. 1941లో ఓడల నిర్మాణకేంద్రానికి శంకుస్థాపన జరిగి, 1948 మార్చిలో జల ఉష అనే ఓడ నీట దిగింది. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం 1992లో జాతికి అంకితమైంది. ఇంతటి యంత్రనగరంలో ఉంటూ, ఇంటి ముంగిట ఉన్న చిన్న యంత్రాన్ని చూచి బెదరడం మనకు శోభించదు. 1980 ప్రాంతంలో వచ్చిన 1489 సి.సి. డీజిల్ అంబాసిడర్, ఆ తర్వాత వచ్చిన 325 సి.సి. డీజిల్ ఎన్‌ఫీల్డ్ మోటారు సైకిలు, రెండూ నెమ్మదైన బండ్లు. రెండూ మనిషి చేతికి అందే బండ్లు. నేటి బండిలో లోపం ఏమిటో కంప్యూటరు చెప్పాలి. వాటిలోని లోపాన్ని చెవి, ముక్కు, కన్ను చెప్పగలవు. కనుకనే విద్యార్థికి అవి మంచి పాఠ్యగ్రంథాలు.

పొగను చూడండి. నల్లని పొగ వస్తే ఇంధనానికి తగిన గాలి అందడం లేదని, లేక నాజిలు సరిగా చిమ్మడం లేదని అర్థం. ఓడరేవు పరిసరాలలో బొగ్గు ధూళి, ఖనిజపు ధూళి పడేచోట గాలి ఫిల్టరు త్వరగా మూసుకొనిపోతుంది. ముందు దానిని విప్పి చూస్తే పలుమార్లు ఖర్చు అక్కడే ఆగుతుంది. నీలిపొగ వస్తే ఇంజనాయిలు కాలుతున్నదని, రింగులో, వాల్వు సీళ్లో అరిగినవని గ్రహించాలి. ఉదయం చల్లని ఇంజనునుండి కొద్దిసేపు తెల్లపొగ వస్తే భయం లేదు. కాని ఇంజను కాగిన తర్వాత కూడ దట్టమైన తెల్లపొగ ఆగక, రేడియేటరులో నీరు తగ్గుతూ ఉంటే హెడ్ గాస్కెట్ దెబ్బతిన్నదేమో చూపించాలి.

డీజిల్ బండికి గాలి, నీరు రెండు శత్రువులు. సిలిండరులోనికి పోవలసిన గాలి ఇంధనపు గొట్టంలోనికి పోతే ఇంజను ఆగుతుంది. ఆయిలు నిండుకొనేదాకా నడిపినా, ఫిల్టరు మార్చినా గొట్టంలో గాలి చేరుతుంది. ఫిల్టరుపైనున్న స్క్రూను వదులుచేసి, చేతి పంపు కొడుతూ, బుడగలు ఆగి శుద్ధమైన ధార వచ్చేవరకు ఓపిక పట్టి, మళ్లీ బిగించాలి. దీనినే షెడ్లలో ఎయిర్ తీయడం అంటారు. కారణం తెలిసిన విద్యార్థికి ఇది మంత్రం కాదు. నూనెను నొక్కితే కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. పంపు వేసిన ఒత్తిడినంతా ఆ బుడగ మ్రింగివేస్తే నాజిలు తెరచుకోదు. భౌతికశాస్త్రపు పుస్తకంలోని పాఠమే ఇది. ఇక తేమగల మన సముద్రతీరంలో ట్యాంకు సగం ఖాళీగా నిలిచిన బండిలో లోపలి ఆవిరి నీరై అడుగున చేరుతుంది. ఫిల్టరు అడుగునున్న నీటిని అప్పుడప్పుడు వదలివేయాలి. ఉప్పుగాలి ఇనుమును తింటుంది; కనుక బండి అడుగుభాగాన్ని మంచినీటితో కడిగి, ఆరబెట్టి, కీళ్లకు గ్రీజు పెట్టడం విశాఖవాసికి నెలవారీ విధి కావాలి.

ఇంటివద్ద చేయకూడని పనులు కూడ ఉన్నవి. నాజిలు చిమ్మే తుంపర చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. పరీక్షించే మిషతో దాని ముందు చేయి పెట్టరాదు. అట్టి గాయం సూదిపోటంత కనబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంధన పంపును ఇంట విప్పరాదు. దానికి తగిన బల్ల, కొలతలు ఉన్న షెడ్డుకే ఇవ్వాలి. ఒక్క జాకీని నమ్మి బండి క్రిందికి దూరరాదు. తలుపులు మూసిన గదిలో ఇంజను నడపరాదు. తీసివేసిన పాత ఆయిలును గెడ్డలో పోయరాదు. ఆ గెడ్డ సముద్రానికే పోతుంది, ఆ సముద్రంపైనే మన జాలరి సోదరుల బ్రతుకు ఆధారపడి ఉన్నది. పదిహేనేళ్లు నిండిన బండికి తిరిగి తనిఖీ చేయించి రిజిస్ట్రేషను పొందాలి. ఇంటి మరమ్మతు ఆ తనిఖీకి బదులు కాదు. పొగ మానని బండిని ప్రేమకొద్దీ రోడ్డుపైకి తేవడం తోటివారి ఊపిరికి చేసే అపకారం. బాగుచేయడం తెలిసినవానికి, ఎప్పుడు విశ్రాంతినివ్వాలో కూడ తెలియాలి.

విద్యార్థులారా, నాయుడుగారి జీవితం చదువు మానమని చెప్పడం లేదు. చదువులేమి ఆయనకు వరం కాదు. ఆయన దానిని జీవితాంతం పుస్తకాలతో, ప్రయాణాలతో పూడ్చుకున్నారు. ఆయన చేతులకున్న విద్య, డీజిల్ తలకున్న విద్య ఒకే మనిషిలో కలిస్తే ఎట్లా ఉంటుందో ఊహించండి. ఇంటివద్ద తండ్రిగారి ప్రక్కన కూర్చొని పానా అందించి, ఉదయం తరగతిలో ఉష్ణగతిశాస్త్రం వినే మీకు ఆ రెండూ కలిసే అవకాశం ఉన్నది. అట్టి అవకాశం పెద్ద ఇళ్ల పిల్లలకు సైతం సులభంగా దొరకదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. ఓడరేవు వద్దగాని, ఆటోనగర్‌లోగాని పాతదైన ఒక డీజిల్ ఇంజను ఇనుప తూకానికి పోకముందు సంపాదించి మన భౌతికశాస్త్ర ప్రయోగశాల ప్రక్కన నిలిపితే ఎంతో మేలు. వారానికి ఒక గంట దానిని విప్పి బిగించడం నేర్పడానికి, మన విద్యార్థుల తండ్రులలోనే ఒక ఉస్తాద్‌ను సగౌరవంగా పిలిచి, అధ్యాపకుని ప్రక్కన కుర్చీ వేయాలి. తన తండ్రి ఆ కుర్చీలో కూర్చొనగా చూచిన విద్యార్థి, నల్లబల్ల వద్దకు వచ్చినప్పుడు తన చేతిని మరల దాచుకోడు. నాయుడుగారికి మనం చేయగల స్మారకం అంతకంటె వేరొకటి లేదు.